పైక్‌ల సరస్సులో వాలై పట్టాలంటే

అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో ఏదైనా మధ్య తరహా సరస్సు పేరు చెప్పి అక్కడ వాలై అనే చేప పడుతుందా అని అడిగి చూడండి. చుట్టుపక్కల గాలం వేసేవాళ్లు నవ్వేసి "అక్కడ పైక్ తప్ప ఇంకేం పడదు" అంటారు. అదే సరస్సుకు రాష్ట్ర సహజ వనరుల శాఖ, అంటే అందరూ డీఎన్ఆర్ అని పిలిచే శాఖ, పెట్టిన రికార్డు తీస్తే ఏడాది మార్చి ఏడాది వేల కొద్దీ వాలై పిల్లల్ని వదులుతున్నట్టు కనిపిస్తుంది. రెండు మాటలూ నిజమే. వదిలిన వాలై అక్కడే ఉంది, కానీ పగలు పది గంటలకు బోటు దింపి, మిన్నో అనే చిట్టి చేపని ఎరగా గుచ్చి నాచు అంచున వేస్తే దాన్ని ముందు అందుకునేది పైకే. ఇలాంటి చోట్ల రెండు చేపలకీ చోటు దాదాపు ఒకటే, వేళ మాత్రం వేరు. ఎక్కడ వేయాలా అని వారాంతాలన్నీ తగలేసేవాళ్లు ఎప్పుడు వేయాలన్నది పెద్దగా పట్టించుకోరు. దానికంటే ముందు ఇంకో సంగతి ఉంది: అక్కడ పట్టదగ్గ సైజు వాలైలు ఎన్ని ఉంటాయన్నది పిల్లల్ని తెచ్చిన లారీ ఒడ్డుకు వచ్చిన రోజే చాలావరకు తేలిపోతుంది.

ఈ చేపల్ని చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. పైక్‌ది పొడుగ్గా అణిగిన మూతి, నోటి నిండా పదునైన పళ్లు, నాచులో కదలకుండా నిలబడి ఎదురుగా ఏదైనా తళుక్కుమంటే ఒక్క ఉదుటున దూకే రకం. వాలై పెర్చ్ కుటుంబానికి చెందింది, ఒళ్లు పాత బంగారం రంగు, వీపు మీద ముళ్ల రెక్క, తోక కింది కొసన తెల్ల మచ్చ, టార్చి వేస్తే పిల్లి కళ్లలా మెరిసే పెద్ద కళ్లు. 1965 నుంచి మినసోటా రాష్ట్ర చేప ఇదే. మాంసం తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది, ముళ్లు తీయడం తేలిక, అందుకే దీనికి అంత గిరాకీ. పైక్ కండలో ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో చీలిన సన్న ముళ్లు వరసగా ఉంటాయి, వాటితో విసిగిపోయి చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు.

అసలు పిల్లల్ని ఎందుకు వదలాల్సి వస్తోంది? వాలై గుడ్లు పెట్టే చోటు గురించి బాగా పట్టింపు ఉన్న చేప. మంచు కరిగాక ఏప్రిల్‌లో, నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే, అలలు కొట్టే రాతి ఒడ్డుకో, గులకరాళ్ల మీదుగా పారే వాగుకో వెళ్లి గుడ్లు విడిచి వెళ్లిపోతుంది, కాపలా కాయదు. ఆ గుడ్లు రాళ్ల సందుల్లో పడి, పారే నీటిలోని ఆక్సిజన్‌తో రెండు మూడు వారాలు బతకాలి. అడుగంతా బురద, ఒడ్డంతా నాచు ఉన్న సరస్సులో గుడ్లు బురదలో కూరుకుపోయి చచ్చిపోతాయి. పైక్‌కు సరిగ్గా అలాంటి సరస్సే కావాలి. మంచు కరుగుతుండగానే ఒడ్డున మునిగిన గడ్డిలోకి, చిత్తడి మడుగుల్లోకి పోయి గడ్డిపోచలకు అంటుకునేలా గుడ్లు పెడుతుంది. అంటే ఒక సరస్సు పైక్‌లకు పేరు మోసిందంటే, వాలై అక్కడ సొంతంగా పెరగకపోవడానికి కారణం కూడా ఆ పేరులోనే సగం ఉంది.

డీఎన్ఆర్ లెక్క ప్రకారం మినసోటాలో జనం పట్టే వాలైలో 85 శాతం దాకా సహజంగా గుడ్లు పెట్టి పెరిగే నీళ్ల నుంచే వస్తుంది. అలాంటివి 260 దాకా పెద్ద సరస్సులు, వాటితోపాటు పెద్ద నదులు. ఇంకో 1,050 సరస్సుల్లో వాలై కనిపిస్తోందంటే కేవలం పిల్లల్ని వదలడం వల్లే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో అర్థమవుతుంది: వెయ్యికి పైగా సరస్సులు కలిసి ఇచ్చేది, నదులతో కలిపి ఆ 260 ఇచ్చేదానిలో ఐదో వంతు కూడా లేదు. పిల్లల్ని వదిలినంత మాత్రాన మీల్ లాక్స్ లాంటి పేరున్న వాలై సరస్సు ఇంటి పక్కన తయారవుతుందనుకోవడం అత్యాశే.

వదిలే పద్ధతి రెండు రకాలు, ఫలితంలో తేడా వచ్చేది ఇక్కడే. వసంతంలో గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎక్కే వాలైలను డీఎన్ఆర్ వాళ్లు వలల్లో పట్టి, చేత్తో పొట్ట నొక్కి గుడ్లు తీసి, మగచేప వీర్యం కలిపి హేచరీ జాడీల్లో పొదిగిస్తారు. గుడ్లు సేకరించే చోట్లలో వర్మిలియన్ సరస్సులో కలిసే వాగు ఒకటి ముఖ్యమైనది, దాని పేరు పైక్ రివర్ కావడం ఒక తమాషా. పొదిగిన పిల్లలు అంగుళంలో మూడో వంతు ఉంటాయి, దోమ కంటే పెద్దవేం కావు. వాటిని మే నెలలోనే నేరుగా సరస్సులో పోసేయడం మొదటి పద్ధతి, మన ఆక్వా భాషలో చెప్పాలంటే ఫ్రై స్టాకింగ్. రెండోది ఫింగర్లింగ్: ఆ పిల్లల్నే చలికాలంలో చేపలు బతకని లోతు తక్కువ కుంటల్లో వేసి, వేసవంతా పెంచి, సెప్టెంబరు, అక్టోబరుల్లో 4 నుంచి 6 అంగుళాలు అయ్యాక పట్టి సరస్సుకు తరలించడం. ఫ్రై చవక, కోట్ల లెక్కన పోయొచ్చు. ఫింగర్లింగ్‌కు ఖర్చూ శ్రమా ఎక్కువ, కానీ అప్పటికే నోళ్లు తెరుచుకుని కూర్చున్న చేపలున్న నీళ్లలో బతికే అవకాశం దానికే ఉంటుంది.

తెలంగాణలో చెరువుల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. 2016లో మొదలైన ఉచిత చేప పిల్లల పంపిణీలో, ఎండిపోయే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడవునా నీళ్లుండే జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు అని సైజు విడదీసి పెట్టారు. ఎండని నీళ్లలో కొర్రమీను, వాలుగ లాంటివి తిష్ట వేసుకుని ఉంటాయి, వాటి ముందు చిన్న పిల్ల వేస్తే అది మేత వేసినట్టే. మినసోటాలో ఆ కొర్రమీను పాత్ర పైక్‌ది.

పైక్ వాలైని తినేస్తుందన్నది కథలో ఒక భాగమే, అంత పెద్ద భాగం కూడా కాదు. పైక్ మంచు కరిగేటప్పటికే గుడ్లు పెట్టేస్తుంది కాబట్టి వాలై ఫ్రై నీళ్లలో పడే సమయానికి పైక్ పిల్లలు వయసులో ముందుంటాయి, త్వరగానే తోటి చేపల్ని తినడానికి దిగుతాయి. అయినా పెద్ద దెబ్బ తగిలేది తిండి దగ్గర. వాలైకి ముఖ్యమైన మేత పసుపు పెర్చ్ అనే చిన్న చేప, పైక్‌కూ అదే ఇష్టం. మినసోటాలోని హార్స్‌షూ లేక్‌లో పైక్‌ను తెచ్చి వదిలాక ఏం జరిగిందో డీఎన్ఆర్ పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించి 1986లో నివేదిక ఇచ్చారు: పైక్ పెరిగిన కొద్దీ పెర్చ్ తగ్గింది, వెనకాలే వాలై కూడా తగ్గింది. పెర్చ్ కరువయ్యాక పైక్‌లు కూడా ఎదగవు, 20 అంగుళాల దగ్గర సన్నగా ఆగిపోయినవి వందల కొద్దీ తిరుగుతుంటాయి. వాటికి అక్కడివాళ్లు పెట్టిన ముద్దుపేరు సుత్తి పిడి. ఒక సరస్సులో గాలం వేసిన ప్రతిసారీ సుత్తి పిడులే పడుతున్నాయంటే అక్కడ వాలైకి తినడానికి ఏమీ మిగలడం లేదని అర్థం, ఆ సరస్సు రికార్డులో ఎన్ని పిల్లల్ని వదిలినట్టు రాసి ఉన్నా సరే. అదే 30 అంగుళాల పైన బలిసిన పైక్‌లు అప్పుడప్పుడూ పడుతుంటే అది మంచి సూచన, వాలై వేటకు అలాంటి పైక్ సరస్సునే ఎంచుకోవాలి.

పిల్లల్ని వదలడం బ్రహ్మాండంగా పనిచేసిన సందర్భమూ ఉంది. ఉత్తరాన రెడ్ లేక్‌లో అతిగా పట్టడం వల్ల వాలై 1990లలో దాదాపు తుడిచిపెట్టుకుపోతే, రెడ్ లేక్ ఆజిబ్వే తెగ, రాష్ట్రం, కేంద్రం కలిసి పట్టడం పూర్తిగా ఆపేసి, 1999, 2001, 2003లలో మొత్తం పది కోట్లకు పైగా ఫ్రై పోశాయి. 2006లో మళ్లీ గాలం వేయనిచ్చారు. వదిలిన పిల్లల్ని గుర్తుపట్టడానికి వాటిని టెట్రాసైక్లిన్ మందు కలిపిన నీళ్లలో ముంచారు, ఆ మందు చెవి ఎముకలో చేరి అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. అయితే రెడ్ లేక్ సొంతంగా వాలై పుట్టే సరస్సు, కావాల్సిన ఒడ్లు అక్కడ ముందే ఉన్నాయి, తల్లిచేపలే లేకుండా పోయాయి. తల్లుల్ని తెచ్చి పెడితే మిగతాది సరస్సే చూసుకుంది. బురద అడుగున్న పైక్ సరస్సులో తల్లుల్ని ఎన్నింటిని తెచ్చి పెట్టినా వాటి గుడ్లు బురద పాలే, అక్కడ స్టాకింగ్ ఆపిన రోజు నుంచి వాలైకి రోజులు లెక్కే.

ఇక బోటు ఎక్కే ముందు చేయాల్సిన పని. డీఎన్ఆర్ లేక్‌ఫైండర్ అనే పేజీలో సరస్సు పేరు కొడితే ఏ ఏడాది ఏ సైజు పిల్లలు ఎన్ని వదిలారో, సర్వే వలల్లో ఎన్ని పడ్డాయో, ఎంత పొడవున్నవి పడ్డాయో అన్నీ ఉంటాయి. ఇంత సమాచారం ఉచితంగా ఉంటే చదవకుండా వెళ్లి ఖాళీ చేతులతో వచ్చి సరస్సును తిట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. చాలా సరస్సుల్లో ఏటా వదలరు, రెండు మూడేళ్లకోసారి వదులుతారు, లేకపోతే కిందటేడు వదిలినవే ఈ ఏటి పిల్లల్ని తినేస్తాయి. కాబట్టి అక్కడ వాలైలు అన్ని వయసుల్లో ఉండవు, ఒక గుంపు, మధ్యలో ఖాళీ, మళ్లీ ఒక గుంపు. వదిలిన మూడు నాలుగేళ్లకు 14 అంగుళాల దగ్గరికి వస్తాయని లెక్క వేసుకుంటే ఈ వేసవిలో కూరకు పనికొచ్చే గుంపు ఏదైనా ఉందా లేదా అన్నది ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. ఫ్రై మాత్రమే వదిలి, తర్వాత సర్వేలో ఆ వయసు చేప ఒక్కటీ కనిపించకపోతే ఆ ఏడాదిది పోయిందనే అనుకోవాలి. ఫింగర్లింగ్ వదిలి నాలుగో ఏడు నడుస్తున్న సరస్సు దొరికితే ఆ వేసవి మిగతా వాటి జోలికి పోనక్కర్లేదు.

సరే, చేప ఉందని తేలింది. పైక్‌ను తప్పించుకుని దాన్ని చేరడం ఎలా?

పుస్తకాల్లో వాలై అంటే రాతి దిబ్బలు, లోతు నీళ్లు, మట్టి మైదానాలు అని ఉంటుంది. ఆ సలహా సహజ వాలై సరస్సులకు పుట్టింది. నాచు సరస్సులో పెర్చ్ ఎక్కడుంటే వాలై అక్కడ ఉంటుంది, పెర్చ్ ఉండేది నాచులోనే. అందులోనూ వెడల్పాటి ఆకులతో నిటారుగా పెరిగే, అక్కడివాళ్లు క్యాబేజీ అనే మొక్కల చుట్టూ, నాచు ఆగిపోయి అడుగు కిందికి జారే బయటి అంచున. బోటులో లోతు చూపే సోనార్ తెర మీద ఆ అంచు స్పష్టంగా కనిపిస్తుంది, నీళ్లు తేటగా ఉంటే 15 అడుగుల దాకా, మురికిగా ఉంటే ఏడెనిమిది అడుగుల్లోనే. చిక్కేమిటంటే పైక్ కాపు కాసేదీ అదే అంచున. పగటి వెలుగులో పైక్ కంటితో వేటాడుతుంది, వాలై అప్పుడు మొక్కల నీడలోనో, కాస్త లోతులోనో అణిగి ఉంటుంది.

వాలై కంటి వెనక వెలుగును తిప్పి కొట్టే పొర ఒకటి ఉంటుంది, టార్చికి మెరిసేది అదే. కొద్దిపాటి వెలుగు కూడా ఆ కంటికి రెండుసార్లు ఉపయోగపడుతుంది, పెర్చ్ కంటికి ఆ వెసులుబాటు లేదు. పొద్దు వాలి వెలుగు తగ్గేకొద్దీ పెర్చ్ గుడ్డిదవుతుంటే వాలై వేటకు లేస్తుంది. పైక్ పరిస్థితీ పెర్చ్ లాంటిదే, చీకటి పడ్డాక దాని వేట బాగా మందగిస్తుంది. అందుకే సూర్యాస్తమయానికి అరగంట ముందు నుంచి గంటన్నర తర్వాత వరకు ఉండే ఆ రెండు గంటలు ఇలాంటి సరస్సులో మిగతా రోజంతా కలిపినదానికంటే విలువైనవి. ఆ రెండు గంటల్లోనూ మొదటి సగం పైక్, వాలై కలగలిసి పడతాయి, రెండో సగం వాలైది. సరిగ్గా అప్పుడే దోమలకు జడిసి, బోటు లైట్లు బిగించుకోవడం బద్ధకించి, బోటు ఒడ్డుకెక్కించే ర్యాంప్ దగ్గర రద్దీ అవుతుందని జనం తిరుగుముఖం పడతారు. ఆ సరస్సులో వాలై లేదన్న నమ్మకం సగం అలా పుట్టిందే.

పగలే వెళ్లక తప్పదంటే గాలి వీచే రోజు చూసుకోవాలి. అలలు లేచి నీటి మీద వెలుగు చెదిరిపోతే లోపల మసకబారుతుంది, గాలి కొట్టే ఒడ్డున వాలై పగలు కూడా పైకి వస్తుంది. బోటు నిలవక చిరాకు పుట్టించే గాలి అది, అయినా అదే కావాలి.

మినటొంకా సరస్సు దీనికి మంచి ఉదాహరణ. ట్విన్ సిటీస్‌లో, అంటే మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్లిమత్, ఈడెన్ ప్రెయిరీ వైపు నుంచి దగ్గరే, పద్నాలుగు వేల ఎకరాల పైన, లెక్కలేనన్ని పాయలు, లోతైన చోట 113 అడుగులు. పేరు బాస్‌కు, పైక్‌కు, మస్కీ అనే చేపకు ఉంది, వాలైని డీఎన్ఆర్ వదులుతుంది. 2010లో అక్కడ జీబ్రా మసెల్ అనే చిన్న గుల్లచేప బయటపడింది. అది నీళ్లను వడకట్టి తేట చేసేస్తుంది. నీళ్లు తేటపడితే వెలుగు లోతుకు దిగుతుంది, దాంతో నాచు కూడా ఇంకా లోతుకు పాకుతుంది, పగలు వేటాడే చేపలకు పండగ, వాలైకి మాత్రం వేట వేళ రాత్రిలోకి జరిగిపోతుంది. ఈ గుల్లలు పాకిన చాలా సరస్సుల్లో ఇదే ధోరణి, కాబట్టి అవి రాకముందు ఎవరో సాయంత్రం ఐదింటికి పట్టిన కథలు నమ్ముకుని వెళ్తే లాభం లేదు.

ఎర విషయానికొస్తే, పైక్‌కు నచ్చేవి మూడు: మెరుపు, వేగం, పెద్ద సైజు. మూడూ తగ్గిస్తే పైక్‌లు పూర్తిగా పోవు గానీ తగ్గుతాయి. బతికున్న మిన్నో వేస్తే రెండింటికీ ఆహ్వానమే. జలగ, లేదా అక్కడ నైట్‌క్రాలర్ అనే లావాటి వానపాము వేస్తే వాలై వంతు పెరుగుతుంది. జలగను పైక్ అసలు ముట్టదని కాదు, ముట్టే సందర్భాలు తక్కువ. ఔన్సులో ఎనిమిదో వంతు జిగ్‌కు, అంటే తలకు బరువు గుండు ఉన్న కొక్కేనికి, సగం వానపాము గుచ్చి, అంచు వెంబడి అడుగును తాకీ తాకనట్టు నెమ్మదిగా లాగడం ఒక పద్ధతి. జారే బెండు కట్టి, నాచు కొసలకు ఒక అడుగు పైన జలగ వేలాడేలా వదిలేసి కూర్చోవడం ఇంకోటి, ఈ సరస్సులకు ఇదే మేలైనది. ఎర కదలకుండా ఒకేచోట ఉంటే పైక్‌కు దూకడానికి ఊపు రాదు, వాలై మాత్రం తాపీగా వచ్చి పీల్చుకుంటుంది. పరుగెత్తించే స్పిన్నర్లు, తళతళలాడే స్పూన్లు లాంటి లోహపు ఎరలు పగలు పెట్టెలోనే ఉండనివ్వాలి. చీకటి పడ్డాక చేప ఆకారంలో ఉండే సన్నటి బొమ్మ ఎర క్రాంక్‌బైట్‌ను నడక వేగంతో ఒడ్డు వెంట ఈడ్చడం వేరే సంగతి, అప్పటికి పైక్ నిద్రలో ఉంటుంది.

తెగిన దారాల గొడవ దగ్గర వాదనలు ఎప్పటికీ తెగవు. వాలై పళ్లు గుచ్చుకుంటాయి గానీ దారాన్ని కోయవు, పైక్ పళ్లు కోస్తాయి. వాలైకి 8 పౌండ్ల బరువు ఆపే సన్న ఫ్లోరోకార్బన్ దారం కడితే పైక్ వచ్చి జిగ్‌ను మింగి పోతుంది. స్టీల్ వైరు కడితే తేట నీళ్లలో పగలు వాలై దూరంగా ఉండిపోతుంది. మధ్యే మార్గంగా 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ రెండడుగులు కట్టేవాళ్లు ఉన్నారు, అది పైక్‌ను ఆపుతుందని గ్యారంటీ ఏమీ లేదు, నాలుగింట్లో కొన్ని నిలబడతాయంతే. ముడి వేయడానికి వీలైన సన్న టైటానియం వైరు నాలుగైదు అంగుళాలు కట్టడం ఇంకాస్త నయం. నిజానికి వెలుగున్నంతసేపు వైరు, చీకటి పడ్డాక ఫ్లోరోకార్బన్ అని మార్చుకుంటే వాదనే ఉండదు, కానీ చీకట్లో ముడి వేసే ఓపిక ఉండాలి. వైరు లేకుండా వేస్తే పోయేది మన జిగ్ ఒక్కటే కాదు, గొంతులో కొక్కెంతో తిరిగే పైక్ కూడా ఒకటి లెక్కలో ఉంటుంది.

కనిపించకుండా పోయిన చేప ఏదో కనిపెట్టడానికి మిగిలినదాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. దారం కొస కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంటే పైక్. కొస గరగరలాడుతూ, పైన అంగుళం మేర గీతలు పడి ఉంటే అది జీబ్రా మసెల్ గుల్లలకో రాతికో రాసుకుని తెగింది. మిన్నో తిరిగి వస్తే దాని ఒంటిని వెలుగులో తిప్పి చూడాలి: రెండు వైపులా పొలుసులు లేచిపోయి, ఏటవాలుగా వరసగా కోతలు ఉంటే పైక్ అడ్డంగా పట్టి వదిలింది. ఒళ్లు నలిగి, పొలుసులు అక్కడక్కడా రాలి, కోత లేకుండా పోట్లు మాత్రం ఉంటే వాలై పీల్చి ఉమ్మేసింది, అంటే దారం వదలడం ఆలస్యమైందన్నమాట. వానపాము సగానికి శుభ్రంగా తెగి వస్తే మాత్రం ఈ రెండూ కాదు, చిన్న పెర్చ్‌ల పని. చేతికి తెలిసే తేడా కూడా ఉంది. పైక్ కొడితే సందేహమే ఉండదు, రాడ్డు వంగిపోతుంది. వాలై 'టిక్' మని ఒక్కటి, తర్వాత తడి గుడ్డ తగులుకున్నట్టు బరువు, అంతే.

కాలాన్ని బట్టి కొంత మారుతుంది. వాలై, పైక్ సీజన్లు రెండూ మే మధ్యలో ఒకే శనివారం మొదలవుతాయి. అప్పటికి గుడ్ల సమయం అయిపోయి ఉంటుంది గానీ వదిలిన వాలై కూడా ఆ కోరిక చంపుకోదు, గుడ్లు దక్కకపోయినా ఉన్నంతలో గులకరాళ్ల ఒడ్డుకో, రోడ్డు కింద తూము నుంచి నీళ్లు పారే చోటికో చేరుతుంది. సరస్సు మొత్తంలో అలాంటి చోటు ఒకటో రెండో ఉంటాయి కాబట్టి వెతకడం తేలిక, మొదటి రెండు వారాల్లో అక్కడే పాతుకుపోవచ్చు. జులై వచ్చేసరికి పెద్ద పైక్‌లు వెచ్చటి నీళ్లు పడక చల్లటి లోతుకు దిగిపోతాయి, నాచులో సుత్తి పిడులు మిగులుతాయి. ఎరలు కొరికేవి ఎక్కువయ్యేదీ, వాలై పూర్తిగా రాత్రికి మారేదీ అప్పుడే. సెప్టెంబరు చివర్లో నాచు చచ్చి గోధుమ రంగుకు తిరుగుతుంటే, ఇంకా పచ్చగా నిలిచిన మడి ఏదైనా ఉంటే చేపలన్నీ అక్కడికి చేరతాయి, అప్పుడు ఏది పడినా పెద్దదే. చలికాలం మంచు మీద ఒక మనిషికి రెండు గాలాలు అనుమతి, వేసవిలో ఒకటే. పైక్ కోసం ఒకటి, వాలై కోసం ఒకటి అని విడదీసుకునే సౌకర్యం ఒక్క మంచు మీదే ఉంది, చీకటి పడే అరగంట అక్కడా అంతే ముఖ్యం.

పడిన పైక్‌ను ఏం చేయాలన్నదానికి 2018లో వచ్చిన నిబంధనలు కొంతవరకు జవాబు చెప్తాయి. రాష్ట్రాన్ని మూడు మండలాలుగా విడగొట్టి, సుత్తి పిడులు కిక్కిరిసిన ఉత్తర-మధ్య మండలంలో ఒక మనిషి 10 పైక్‌ల దాకా ఉంచుకోవచ్చన్నారు, కానీ 22 నుంచి 26 అంగుళాల మధ్యవి తప్పనిసరిగా వదిలేయాలి, 26 దాటినవి రెండుకు మించకూడదు. చిన్నవాటిని తగ్గించి, ఎదిగే దశలో ఉన్నవాటిని కాపాడాలన్నది ఆలోచన. మిగతా రెండు మండలాల్లో రెండే, కొలతలూ వేరు, పైగా కొన్ని సరస్సులకు విడిగా నిబంధనలుంటాయి, అందుకని ఏ ఏటికి ఆ ఏడు నిబంధనల పుస్తకం చూసుకోవాల్సిందే. పది ఉంచుకోవచ్చన్నా జనం ఉంచుకోవడం లేదన్నది అసలు ఇబ్బంది, ముళ్లకు భయపడి 20 అంగుళాల చేపను మళ్లీ నీళ్లలోకి విసిరేస్తారు. అది మళ్లీ పెర్చ్‌ల వెంట పడుతుంది.

ముళ్ల చేప తినడం మనకు కొత్తేమీ కాదు, పులస కోసం వేలు పోసేవాళ్లం. పైక్‌కు వీపు మీది కండను ముందు విడిగా తీసి, తర్వాత ఆ వై ముళ్ల వరసను వేలితో తడిమి పట్టుకుని దాని రెండు వైపులా కోస్తే ఐదు ముక్కలు ముళ్లు లేకుండా వస్తాయి, చెయ్యి తిరిగితే రెండు మూడు నిమిషాల పని. అంత ఓపిక లేకపోతే అడ్డంగా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి, ఉప్పూ కారం పట్టించి నూనెలో గట్టిగా వేయిస్తే సన్న ముళ్లు కరకరలాడి తెలియకుండా పోతాయి. చింతపండు పులుసులోకైతే ఒంటి మీది జిగురు పోయేదాకా కల్లుప్పు వేసి రుద్ది కడగాలి, లేకపోతే వాసన వదలదు. గర్భిణులకు, పిల్లలకు పాదరసం దృష్ట్యా ఏ సరస్సు చేప నెలకు ఎన్నిసార్లు తినొచ్చో మినసోటా ఆరోగ్య శాఖ చెప్తుంది, పెద్ద పైక్‌కూ పెద్ద వాలైకీ ఆ హద్దు గట్టిగానే ఉంటుంది. చిన్నవి ఆ లెక్కలోనూ నయమే.